లోహం, లోపం, మొలతాడు

ఎం.ఆర్.ఐ. యంత్రానికి సెలవు లేదు. స్కాన్ జరుగుతున్నా జరగకపోయినా, గదిలో దీపాలు ఆర్పేసినా, శుక్రవారం సెలవుకి ఆస్పత్రి సగం ఖాళీగా ఉన్నా దాని లోపలి అయస్కాంతం మాత్రం డ్యూటీలోనే ఉంటుంది. ఈ ఒక్క సంగతి కొత్తవాళ్ళ బుర్రకు ఎక్కించడం మా రేడియాలజీ విభాగంలో అన్నిటికన్నా కష్టమైన పని. కంటికి కనబడని దాన్ని చూసి భయపడమని చెప్పాలి. దయ్యాల గురించి చెప్పేవాళ్ళ పని ఇంతకన్నా తేలిక. వాళ్ళకి కనీసం చీకటి సాయం ఉంటుంది.

మా చీఫ్ టెక్నాలజిస్టుది సూడాన్. తాడిచెట్టంత మనిషి, గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. ఆయన బల్ల సొరుగులో ఆ యంత్రం లాక్కున్న వస్తువులు ఉండేవి: తలపిన్నులు, పెన్నులు, ఒక స్టాప్లరు, ఎలక్ట్రీషియన్ స్క్రూడ్రైవరు, ఎవరిదో తేలని సైకిలు తాళం. కొత్తగా చేరినవాళ్ళ ముందు సొరుగు తెరిచి, వాళ్ళు అన్నీ చూసేదాకా ఆగి, మాట్లాడకుండా మూసేవాడు. ఆయన ఇచ్చే శిక్షణలో మొదటి పాఠం అదే.

నేను కాకినాడలో రేడియాలజీ డిప్లొమా చదివి, హైదరాబాదులో కొంతకాలం పనిచేసి దోహా వచ్చినవాణ్ణి. నాకు జాబితాలంటే ప్రాణం. అబూ హమూర్ మార్కెట్టుకు కూరగాయలకు వెళ్ళినా, ముందు బరువైనవి, తర్వాత నలిగేవి అని వరుస రాసుకుని వెళ్ళేవాణ్ణి. నా రూమ్మేట్లు "వీడు నిద్రపోవడానికి కూడా పాయింట్లు రాసుకుంటాడురా" అనేవారు. అది అబద్ధం. అలారానికి మాత్రమే రాసుకునేవాణ్ణి.

అవి దేశమంతా క్రేన్లు మొలిచిన రోజులు. నూనె, గ్యాసు డబ్బుతో లుసైల్ వైపు ఇసుకలోంచి ఊరికి ఊరే లేస్తోంది. అక్కడ అంతస్తులు లేచేకొద్దీ ఇక్కడ మా దగ్గరికి వచ్చే నడుములు కుంగుతూ ఉండేవి. ఆ నడుముల్లో చాలా వాటిది కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల వైపు.

స్కాన్‌కి ముందు ప్రతి రోగీ ఒక ప్రశ్నల కాగితం నింపాలి. గుండెలో యంత్రం ఉందా, కంట్లో ఇనుప రజను పడిందా, ఒంటిమీద లోహపు వస్తువులున్నాయా, ఇలా. ఆ కాగితం అరబిక్, ఇంగ్లీష్, హిందీ, ఉర్దూ, మలయాళం, నేపాలీ భాషల్లో ఉంది. తెలుగులో లేదు. మనవాళ్ళు పక్కవాడి కాగితం చూసి టిక్కులు పెట్టేవారు. ఒకసారి ఒక తాపీమేస్త్రీ "మీరు గర్భవతా?" అన్న దగ్గర బాగా ఆలోచించి "అవును" అని పెట్టాడు. పక్కన కూర్చున్నది నెలలు నిండిన నేపాలీ ఆవిడ.

చీఫ్ ఆ కాగితం నా ముందు పెట్టి, "హబీబీ, మీ భాషలో ఒకటి రాయి" అన్నాడు.

నాకింకేం కావాలి? జాబితా రాయమని జీతమిచ్చి అడుగుతున్నారు. డిక్షనరీ దగ్గర పెట్టుకుని తయారుచేశాను. మొదటి ప్రశ్న ఇది: "మీ శరీరంలో గానీ, శరీరంపై గానీ ఏదైనా లోహం ఉన్నదా?" నాలుగుసార్లు చదువుకున్నాను. ముచ్చటేసింది.

మర్నాడు నిజామాబాద్ వైపు నుంచి ఒక పెయింటర్ వచ్చాడు. కాగితం ఇచ్చాను. వేలుపెట్టి చదివాడు. మళ్ళీ చదివాడు. మడిచి నా చేతిలో పెట్టాడు.

"ఎవలు జెప్పిండ్రు సారూ మీకు?"

"ఏం చెప్పారు?"

"నా శరీరంల లోపమున్నదని." గొంతు తగ్గించాడు. "నాకిద్దరు పిల్లలు సారూ. మూడోది కడుపుల ఉన్నది. ఇంటికి ఫోన్ జేసి అడుగుండ్రి."

"లోపం కాదండీ, లోహం! హ! లో-హం!"

"హ అన్నా ప అన్నా గదే గద. శరీరంల ఉండొద్దనే అంటుండ్రు."

స్ట్రెచర్ తోసే మా అటెండరు గోడకు ఆనుకుని నవ్వాపుకోలేకపోతున్నాడు. అతనిది హైదరాబాద్ పాతబస్తీ. ఇంట్లో దక్ఖనీ, బయట తెలుగు, చీఫ్‌తో అరబిక్, నాతో ఈ మూడూ కలిపి. "అరె మియా, లోహమంటే ఎవలికెరుక? మా గల్లీల ఇనుప సామాన్లోడొస్తడు. లోహపు సామాన్లోడు ఎన్నడన్న వచ్చిండా?" అన్నాడు.

నిజమే. రెండో ప్రతిలో లోహం తీసేసి పేరుపేరునా రాశాను: ఇనుము, స్టీలు, రాగి, ఇత్తడి, వెండి, బంగారం. ఈసారి పొరపాటుకు చోటే లేదనుకున్నాను. మొదటగా చదివినాయన బంగారం దాకా హాయిగా వచ్చి, అక్కడ ఆగిపోయాడు.

"బంగారం సంగతి మీకెందుకు సారూ? ఎయిర్‌పోర్టుల కస్టమ్సోళ్ళకు జెప్తరా?"

"అబ్బే, మాకూ కస్టమ్స్‌కీ సంబంధం లేదండీ."

"అయితే రాసుకోండ్రి. ఇప్పుడైతే లేదు. పొయ్యేటప్పుడు కొంట."

చీఫ్ ఇదంతా చూసి సొరుగులోంచి అరచేతిలో పట్టే ఒక అయస్కాంతం తీసి నాకిచ్చాడు. కాగితం నింపించు, తర్వాత దీనితో ఒళ్ళంతా ఒకసారి తడుము, రెండూ ఒకే మాట చెబితేనే లోపలికి పంపు అన్నాడు. నా జాబితా మీద నాకున్న నమ్మకానికి అది కాస్త దెబ్బే. అయినా అయస్కాంతానికి తెలుగు రానక్కరలేదు కదా అని ఊరుకున్నాను.

అలాంటి రోజుల్లో జగిత్యాల వైపు మనిషి వచ్చాడు. లుసైల్‌లో స్కఫోల్డింగ్ పని. నలభై దాటినవాడు, ముందుకొచ్చిన పొట్ట, ఒక కాలికే చెప్పు.

"రెండో చెప్పేదండీ?" అన్నాను.

కిందికి చూసుకుని తనే ఆశ్చర్యపోయాడు. వెనక్కి తిరిగి చూస్తే వెయిటింగ్ హాలు మధ్యలో ఒంటరిగా పడి ఉంది. ఊడిపోయినట్టు కాలికి తెలియలేదు.

"గీ కాలు నా మాట ఇంటలేదు సారూ," అన్నాడు నవ్వుతూ. "ఫోర్మన్ మాట గూడ ఇంటలేదు. ఆయన ఎక్కుమంటడు, ఇది నిలవడ్తది."

సర్జన్ రాసిన చీటీలో నవ్వు లేదు. నడుములో నరం నలుగుతోంది, పాదం రోజురోజుకీ బలహీనపడుతోంది, స్కాన్ ఈరోజే కావాలి, వస్తే రేపే ఆపరేషన్. ఆలస్యమైతే పాదం మళ్ళీ లేవదని ఆయన హిందీలో ఇతనికీ చెప్పాడట. ఇతను దాన్ని నాకు ఇలా చెప్పాడు: "పాదం లేవకపోతే నిచ్చెనెక్కుడు బంద్. నిచ్చెనెక్కకపోతే కంపెనీకి నాతోటేం పని? టికెట్టు చేతుల పెడ్తరు." ఆ రోజు జాబితాలో అతనికి దొరికిన ఖాళీ ఒక్కటే. తర్వాతి రోగి అప్పటికే గౌను వేసుకుని కూర్చున్నాడు. ఈ ఖాళీ పోతే మళ్ళీ ఎప్పుడో మా క్యాలెండర్‌కే తెలియదు.

గౌను వేయించి నా ప్రశ్నలన్నీ అడిగాను. దేనికీ తడబడలేదు.

"గుండెకు మెషిన్?" "లేదు." "ఇదివరకు ఆపరేషన్?" "లేదు." "ఇనుము? రాగి?" "లేదు సారూ." "ఒంటిమీద ఇంకేమైనా?"

"ఏం లేదు. ఒట్టిగ ఉన్న."

అయస్కాంతం తీసి భుజం దగ్గర మొదలుపెట్టి కిందికి తెచ్చాను. నడుము దగ్గరికి రాగానే అది నా వేళ్ళలోంచి జారి, టప్పున గౌనుకి అంటుకుని అక్కడే వేలాడింది. ఇద్దరం దాన్ని చూశాం.

"ఇదేంటండీ?"

"గదా? గది మొలతాడు."

"ఏమీ లేదన్నారుగా?"

"మొలతాడు ఏమన్నట్టు సారూ? గది ఒంట్ల బాపతే. ముక్కున్నదా చెవులున్నయా అని గూడ అడుగుతరా?"

గౌను పక్కకి తీసి చూపించాడు. నల్ల మొలతాడు, దానికి క్యాంప్‌లోని పెట్టె తాళంచెవి, ఒక రాగి తాయెత్తు. తాళంచెవికి అయస్కాంతం అంటడంలో వింత లేదు. కానీ తాయెత్తు కూడా గంతులేస్తోంది. రాగి అలా చెయ్యదు.

"లోపల ఏముందండీ?"

"గుర్రపు నాడ ముక్క. మా దిక్కు దర్గల ఇచ్చిండ్రు. మస్తు పవర్ ఉంటది."

ఆ పవర్ గురించి నాకెలాంటి సందేహం లేదు. లోపలికి పంపితే అది ఏ దిక్కుకు, ఎంత వేగంగా, అతని పొట్టను కూడా వెంటబెట్టుకుని ప్రయాణం చేస్తుందో నేను లెక్కగట్టగలను. ముడి విప్పుదామని చూశాం. ఏళ్ళ తరబడి చెమట, సిమెంటు తాగి అది రాయిలా బిగిసింది. నేను కత్తెర తీశాను. అతను రెండు చేతులతో నడుము పట్టుకున్నాడు.

"తెంపుతరా? మీ తాన మొలతాడు ఎప్పుడు తెంపుతరు సారూ?"

కత్తెర కిందికి దించాను. మా తానా అప్పుడే తెంపుతారు. మనిషి పోయాక.

"మీకున్నదా అసలు?"

"ఉండేది. హాస్టల్లో తెగిపోయింది. మళ్ళీ కట్టుకోలేదు."

నన్ను పైనుంచి కిందిదాకా జాలిగా చూశాడు. "గందుకే గింత బక్కగున్నరు."

అటెండరు కలగజేసుకున్నాడు. "అరె భాయ్, తెంపకుంటనే కిందికి గుంజుదాం. జరా ఓపిక పట్టు." పక్కగదికి వెళ్ళి, అల్ట్రాసౌండ్ చేసేటప్పుడు రాసే జెల్లీ సీసా తెచ్చి, నడుం చుట్టూ ధారాళంగా పట్టించాడు.

"అమ్మో! సల్లగున్నది!"

ఇద్దరం చెరోవైపు పట్టి లాగాం. తాడు పొట్ట కిందదాకా వచ్చి ఆగింది. పైకి లాగితే పొట్ట మీద ఆగింది.

"కట్టినప్పుడు బక్కగుంటి," అన్నాడతను సిగ్గుపడుతూ. "క్యాంప్ మెస్సుల ఒక్క అన్నమే మంచిగుంటది సారూ."

చీఫ్ వచ్చాడు. అటెండరు అరబిక్‌లో విషయం చెప్పాడు. ఆయన తాయెత్తును, కత్తెరను, జెల్లీతో మెరుస్తున్న పొట్టను వరుసగా చూశాడు. "మా ఊళ్ళో ఇలాంటివి చేతికి కడతారు. విప్పుకోవచ్చు," అని, నా వైపు తిరిగి నెమ్మదిగా చెప్పాడు: "ఇష్టం లేని మనిషి మీద కత్తెర పెట్టేది లేదు. ఇనుముతో లోపలికి పంపేదీ లేదు. నేను తర్వాతి రోగికి టీ ఇప్పిస్తాను. ఆ టీ అయ్యేలోగా ఈ రెండిటి మధ్యా దారి చూడు."

సులైమానీ టీ వేడిగా ఉండాలని కోరుకుంటూ అతని ముందు కూర్చున్నాను.

"చూడండి, ఇది తీయకపోతే స్కాన్ కాదు. స్కాన్ కాకపోతే రేపు ఆపరేషన్ లేదు. పాదం సంగతి మీకే తెలుసు."

"ఎరికే సారూ." మొదటిసారి నవ్వు లేకుండా చెప్పాడు. "కాలు గావాలె నాకు. గానీ ఒట్టి నడుముతోటి గా సొరంగంల పండుమంటే మటుకు నా తోటి గాదు. పాడె మీద పండినట్టుంటది." కాసేపు కాలి బొటనవేలు వైపు చూశాడు. అది కదలడం లేదు. "కొత్తది కట్టినంక పాతది తీస్తే తప్పు లేదు. మా తాన గట్లనే మారుస్తరు. నడుము ఒట్టిగ ఉండొద్దు, గంతే."

ఆ మాట ముందే చెప్పొచ్చుగా అన్నాను. మీరు ముందు కత్తెర దీస్తిరి గద అన్నాడు.

దారి దొరికింది. ఇక కావలసింది తాడు. అటెండరు కట్టుగుడ్డ చుట్ట తెచ్చాడు. అతను ముట్టుకోనైనా లేదు.

"తెల్లదా? తెల్లది ఎవలికి గడ్తరు సారూ?"

అటెండరు నాలిక కరుచుకున్నాడు. నేను రక్తం తీసేటప్పుడు జబ్బకు కట్టే రబ్బరు పట్టీ చూపించాను.

"రబ్బరు గట్టనీకి నేనేమన్న చెడ్డీనా సారూ?"

కళ్ళు మూసుకుని ఆస్పత్రిలో ఉన్న తాళ్ళన్నిటినీ మనసులో వరుసపెట్టాను. ఈసీజీ వైరు: లోపల రాగి. గౌను నాడా: తెలుపు. ఫైళ్ళు కట్టే టేపు: కొసన రేకు. నల్లగా ఉండాలి, లోహం ఉండకూడదు, చర్మానికి పడాలి. నల్లది. చర్మానికి పడేది. ఆపరేషన్ థియేటర్లో కుట్లు వేసే సిల్కు దారం!

థియేటర్‌కి ఫోన్ చేశాను. అక్కడి హెడ్ సిస్టర్ కేరళ ఆవిడ, హిందీలోనే మాట్లాడుకునేవాళ్ళం.

"సిస్టర్, నల్ల సిల్కు కావాలి. సూది లేనిది, అన్నిటికన్నా లావుది."

"ఏం ఆపరేషన్?"

"ఆపరేషన్ కాదు."

"ఎంత పొడుగు?"

"ఒక నడుమంత."

"ఎవరి నడుము?"

చెప్పాను. వద్దంటుందేమో అనుకున్నాను గానీ, ప్యాకెట్లు పట్టుకుని తనే వచ్చేసింది. చూడాలనిపించిందట. వాళ్ళ ఊళ్ళోనూ పసిపిల్లలకు నడుముకు కడతారని చెబుతూ, పోగులన్నీ కలిపి జడలా అల్లేసింది. నేను ప్యాకెట్ మీది అక్షరాలన్నీ చదివి, దారం మీద అయస్కాంతం అటూ ఇటూ తిప్పాను. కదల్లేదు. చీఫ్ కూడా చదివి తల ఊపాడు.

అతను దాన్ని కళ్ళకద్దుకుని, కట్టుకోబోతూ ఆగాడు. "తూర్పు ఎటు సారూ?"

మా విభాగానికి కిటికీలు లేవు. రోజంతా శరీరాల కుడి ఎడమలు తేల్చే నేను, తూర్పెటో తేల్చలేకపోయాను. సిస్టర్ లిఫ్ట్ వైపు చెయ్యి చూపించింది. అదెందుకో ఆవిడకే తెలియదు. అటెండరు ఏమాత్రం తడుముకోలేదు. "నేను నమాజు అటు చదువుత. కాబా ఇక్కడికెల్లి పడమర. నువ్విటు తిరుగు."

జగిత్యాల మనిషి మక్కాకు వీపు పెట్టి, తూర్పుకు దండం పెట్టి, కొత్త మొలతాడు కాస్త వదులుగా కట్టుకున్నాడు. తర్వాత కళ్ళు గట్టిగా మూసుకుని పాతదాన్ని వేలితో కాస్త ఎత్తి పట్టాడు. కత్తిరించాను.

"అయ్యిందా?"

"అయింది."

"ఉన్ననా?"

"ఉన్నారండీ."

పాతదాన్ని తాయెత్తు, తాళంచెవితో సహా ఒక ప్లాస్టిక్ డబ్బాలో వేసి, అతని వివరాల చీటీ అంటించి భద్రం చేశాం. అది ల్యాబ్‌కు శాంపిళ్ళు పంపే డబ్బా. పక్క షిఫ్టువాడు దాన్ని పరీక్షకు పంపబోతుంటే అటెండరు పరిగెత్తి లాక్కొచ్చాడు.

స్కాన్ గదిలో పడుకోబెట్టి చేతికి పిలుపు బంతి ఇచ్చాను. భయమేస్తే నొక్కండి, కదలకండి, చప్పుడు చాలా ఉంటుంది అని చెప్పాను. ఆ చప్పుడుకి పెద్దపెద్ద ఆఫీసర్లు లేచి కూర్చున్న సందర్భాలున్నాయి. ఇతను కాంక్రీటు పగలగొట్టే యంత్రాల పక్కన మధ్యాహ్నం కునుకు తీసే మనిషి. మొదలైన కాసేపటికే స్పీకర్లోంచి గురక వినిపించింది. కదలకుండా పడుకోవడంలో అంత మంచి రోగిని నేను అంతకుముందు చూడలేదు. నడుము కింది ఎముకల మధ్య డిస్కు బయటికి ఉబికి నరాన్ని నొక్కేస్తోంది; బొమ్మల్లో తేటతెల్లంగా కనబడింది. సర్జన్ కిందికి వచ్చి చూసి, అప్పటికప్పుడు వార్డులో చేర్పించాడు.

ఆపరేషన్ రోజున థియేటర్ నుంచి మా చీఫ్‌కు ఫోన్ వచ్చింది. సర్జన్ గారే. రోగిని బోర్లా పడుకోబెట్టి చూస్తే నడుం చుట్టూ తమ సిల్కే కనబడిందట. మీ విభాగం ఎప్పటినుంచి ఆపరేషన్లు చేస్తోంది, నాకెవరూ చెప్పలేదే అని అడిగాడట. హెడ్ సిస్టర్ నవ్వుతూ దాన్ని వీపు పైకి జరిపి టేపు వేసిందని తర్వాత తెలిసింది. వదులుగా కట్టుకోవడం అలా పనికొచ్చింది.

ఆ వారమే నా తెలుగు కాగితం మూడో ప్రతి వచ్చింది. అందులో మొదటి ప్రశ్న: "మొలతాడు ఉన్నదా? దానికి ఏమేం కట్టుకున్నారు?" దీనికి మాత్రం ఎవరూ తడుముకోలేదు, ఎవరూ కోప్పడలేదు. ఒకాయనైతే సంతోషించి, ఏది ఎక్కడ కట్టించుకున్నదీ ఊరి పేర్లతో సహా చెప్పాడు. బట్టలు మార్చుకునే గదిలో నల్లదారం ఉండ ఒకటి పెట్టాం. చీఫ్ దాన్ని విభాగం సామాన్ల కింద రాయించాడు. ఏ పనికని స్టోర్ వాళ్ళు అడిగితే, "రోగి భద్రత" అని చెప్పాడు.

ఆపరేషన్ అయిన రెండు రోజులకు, జగిత్యాల మనిషికి అతని ప్లాస్టిక్ డబ్బా ఇవ్వడానికి వార్డుకు వెళ్ళాను. నన్ను చూడగానే మంచం మీంచి గట్టిగా అరిచాడు.

"సారూ, నొస్తుంది! మస్తు నొస్తుంది!"

కంగారుపడి దగ్గరికి వెళ్ళాను. దుప్పటి తీసి, తన బొటనవేలు తనే గిల్లుకుంటున్నాడు. గిల్లినప్పుడల్లా మూలుగుతున్నాడు, మూలిగినప్పుడల్లా నవ్వుతున్నాడు. పాదం కొద్దికొద్దిగా పైకి లేస్తోంది.

"జూడుండ్రి, జూడుండ్రి. మొన్నటిదాంక సుత్తె పెట్టి కొట్టినా ఎర్కయ్యేది గాదు!"

పక్కన ఫిలిప్పీన్స్ నర్సు బొమ్మల అట్ట పట్టుకుని అయోమయంగా నిలబడింది. నొప్పి ఎంత ఉందో చూపించడానికి దానిమీద నవ్వే ముఖం నుంచి ఏడ్చే ముఖం దాకా వరుసగా బొమ్మలుంటాయి. పొద్దుట్నుంచీ ఈయన రెండు కొసల్నీ ఒకేసారి చూపిస్తున్నాడట. దేన్ని రాసుకోవాలో కాస్త అడగమంది.

అడిగాను. అతను అట్ట చేతిలోకి తీసుకుని శ్రద్ధగా చూశాడు.

"నొస్తుందనే రాయమనుండ్రి సారూ," అన్నాడు. "బొమ్మ మాత్రం నవ్వేది పెట్టమనుండ్రి."